అమ్మడికి, పార్కు జాగా సంగతి

అమ్మడూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. పార్కు జాగా మూలన పాతిన నాలుగు రాతి కడీలు, పక్కన రెండు ట్రాక్టర్ల మట్టి, దాని మీద పాత ఇటుకలు. "పెదనాన్నా, ఆదివారం అందరం కలిసి మొక్కలు నాటుతున్నాం, ఏవి బాగుంటాయి?" అని అడిగావు. మొక్కల సంగతి చెప్తాను గానీ కాస్త ఆగు. ఆ ఇటుకలు ఊరికే వచ్చి పడలేదు. ముందు చెత్త, తర్వాత కడీలు, ఆపైన నీలం రేకుల షెడ్డు, అందులో ఓ వాచ్‌మన్ కుటుంబం. హైదరాబాద్‌లో జాగా పోయే వరస ఇదే. మొక్కలదేముంది, ఒక్క రాత్రిలో పీకేస్తారు.

అందుకని మొదట కాగితం. మీది హుడా, అంటే అప్పటి హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ, లేఅవుట్ అన్నావు కాబట్టి దానికో నంబరు ఉంటుంది, మీ ఇంటి దస్తావేజులోనే దొరుకుతుంది చూడు. హుడా 2008లో హెచ్‌ఎండీఏలో కలిసిపోయింది. లేఅవుట్ ప్లాన్, అందులో వదిలిన ఖాళీ జాగాల విస్తీర్ణం, వాటిని స్థానిక సంస్థకు అప్పగిస్తూ చేసిన గిఫ్ట్ డీడ్, ఈ మూడింటి సర్టిఫైడ్ కాపీలు ఇవ్వమని సమాచార హక్కు కింద అక్కడా, మున్సిపల్ ఆఫీసులోనూ దరఖాస్తు పెట్టు. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. రాకపోతే పై అధికారికి అప్పీలు. "ఎందుకు చర్య తీసుకోలేదు?" అని మాత్రం దరఖాస్తులో రాయకు. కోపం తీరుతుందేమో గానీ జవాబు రాదు. ఫైల్లో ఉన్న కాగితాన్ని పేరు పెట్టి అడిగితే ఇవ్వక తప్పదు.

గిఫ్ట్ డీడ్ జరగలేదని తేలితే అసలు గొడవ అక్కడుందన్నమాట. భూమి అమ్మినాయన ప్లాట్లన్నీ అమ్మేసి, పార్కు జాగాను రాసివ్వకుండానే పోయుంటాడు. ఇరవై ఏళ్లకు ఆయన వారసులు సర్వే నంబరు పట్టుకుని వస్తారు. అందుకే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సర్వే నంబరు మీద ఈసీ, అంటే దాని మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, కూడా తీయించు. ఈ మధ్య ఎవరు ఎవరికి అమ్మారో బయటపడుతుంది.

"పార్కు మీదా? మధ్యలో మీకేం సంబంధం?" అని ఎవరైనా దబాయిస్తే తడబడకు. బెంగళూరులో పార్కుకని వదిలిన జాగాను ప్రైవేటు నర్సింగ్ హోంకు కేటాయిస్తే, కాలనీవాళ్లే కోర్టుకెళ్లారు. చివరికి 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లకు అడిగే హక్కుందనీ చెప్పింది. మా కాలనీ పార్కు గొడవలో మాకు ఆ తీర్పు కాపీ ఎంత పనికొచ్చిందో! చదివినవాళ్లు తక్కువే, చేతిలో చూసి కుర్చీ వేసినవాళ్లు మాత్రం ఎక్కువ.

కడీలు పాతినవాళ్లతో నువ్వు నేరుగా గొడవ పెట్టుకోకు. ఫొటోలు తీసేటప్పుడు పక్కన కరెంటు స్తంభమో, ఎవరిదన్నా ఇంటి గేటో పడేలా తియ్యి. ఉత్త మట్టిని ఫొటో తీస్తే అది ఏ ఊరి మట్టో ఎవరికి తెలుసు? ఫిర్యాదు ఏ సెక్షన్‌కు ఇవ్వాలన్నదీ ముఖ్యమే. కబ్జా అయితే టౌన్ ప్లానింగ్, ప్రహరీ గోడ అయితే ఇంజనీరింగ్, మొక్కలకు అర్బన్ బయోడైవర్సిటీ వాళ్లు. మూడూ కలిపి ఒకే కాగితంలో రాస్తే ఆ మూడు సెక్షన్ల మధ్యా తిరుగుతూ ఉంటుంది. విడివిడిగా రాసి, ఇన్‌వార్డు ముద్ర వేయించుకుని, నంబరు నోట్ చేసుకో. సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లేటప్పుడు ఆ నంబర్లే నీ బలం. 2024లో కబ్జాలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక అక్కడికీ పార్కు ఫిర్యాదులు వెళ్తున్నాయి, నువ్వూ వెళ్లు. కానీ బుల్డోజర్ ఒక పూట వచ్చి వెళ్లిపోతుంది. మర్నాటి నుంచి ఆ జాగాలో ఎవరు తిరుగుతారన్నది వాళ్లు చూసుకునే పని కాదు.

ఇక్కడ మేం చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మీ పెద్దమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మా పార్కుకు గోడ కట్టించుకున్నాక సంఘం తరఫున గేటుకు తాళం వేశాం. సెక్రటరీని కాబట్టి తాళంచెవి నా జేబులో ఉండేది. పొద్దున ఆరింటికి తీసి తొమ్మిదింటికి వేసేవాణ్ని, సాయంత్రం మళ్లీ రెండు గంటలు. అసలు కారణం, వెనక బస్తీ పిల్లలు లోపలికి వచ్చి క్రికెట్ ఆడకూడదని. గులాబీలు పాడవుతాయని పైకి చెప్పేవాళ్లం.

ఒక రెండో శనివారం రాత్రి, ఇలాంటివన్నీ ఆఫీసులకు సెలవున్నప్పుడే జరుగుతాయి, పార్కు వెనక వైపు మా గోడ కూలగొట్టి ప్రీకాస్ట్ గోడ లేపారు. తెల్లారి పాలకని వెళ్తే కనబడింది. బూడిదరంగు పలకలు ఒకదాని మీద ఒకటి, నాలుగు వరసలు, సిమెంటు ఇంకా తడి. సుమారు రెండు వందల గజాలు లోపలికి పోయింది. గాభరా పడి బస్తీ వైపు వెళ్లి ఎవరన్నా చూశారా అని అడిగాను. ఇస్త్రీ బండి ఆమె బొగ్గులు విసురుతూ తల ఎత్తకుండానే చెప్పింది: "చూసినం సారూ. రాత్రి ఒంటిగంటకు లారీ వచ్చింది. ఎండకాలం గద, అందరం బయటనే పండుకున్నం. మీ పార్కే గదా, మీరే కట్టిస్తున్నరేమో అనుకున్నం."

ఆ 'మీ' అన్న మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ గోడ తీయించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. తాళం మాత్రం ఆ వారమే తీసేశాం. సగం జాగా పిల్లల ఆటకు వదిలేశాం. నీళ్ల కుళాయి ఒకటి బస్తీ వైపు పెట్టించాం. గులాబీలు పోయాయి, నిజమే. ఆ తర్వాత ఒకసారి అర్ధరాత్రి ట్రాక్టర్ వస్తే ఆ పిల్లల్లో ఒకడే వచ్చి మా గేటు కొట్టాడు.

కాబట్టి నీ ఆదివారం కార్యక్రమానికి సొంతిళ్లవాళ్లనే పిలవకు. అద్దెవాళ్లు, వాచ్‌మన్ల కుటుంబాలు, పనికి వచ్చే అమ్మలు, అందరూ రావాలి. వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టి ఊరుకుంటే గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్య అది ఎవరికీ కనబడదు. ఇల్లిల్లూ తిరుగు. అన్ని పార్టీల వాళ్లనూ పిలిచి ఒక్కొక్కరితో ఒక్కో మొక్క నాటించు. ఒక పార్టీ పార్కు అయిందంటే ఐదేళ్లకోసారి మళ్లీ మొదటికొస్తుంది.

ఇంకో మాట, నీకు నచ్చకపోవచ్చు. బయటివాడి కబ్జాకన్నా మనవాళ్ల కమ్యూనిటీ హాలుకే నేను ఎక్కువ భయపడతాను. గోడ నిలబడగానే ఒకాయన గుడి అంటాడు, ఇంకొకాయన హాలు అంటాడు, మూడో ఆయనకు సంఘం ఆఫీసు కావాలి. మా దగ్గర హాలుకని వచ్చిన తీర్మానాన్ని మూడు ఓట్ల తేడాతో ఆపాను. ఇద్దరు స్నేహితులు రెండేళ్లు మాట్లాడలేదు. లేఅవుట్‌లో పార్కు అని రాసిన చోట మనం గది కట్టాక, రేపు ఇంకొకడు కడితే ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?

సరే, మొక్కలు. కానుగ, వేప, నేరేడు, పొగడ. ఇవి చాలు. కోనోకార్పస్ వద్దు. అప్పట్లో రోడ్ల మధ్య విపరీతంగా నాటి, తర్వాత సర్కారే వద్దంది. గుల్‌మొహర్ అందంగా ఉంటుంది గానీ గాలివానకు ముందు పడేది అదే, పిల్లలు ఆడే చోట అసలే వద్దు. వంద నాటి ఫొటో దిగేకన్నా పాతిక నాటి, ఏ మొక్కకు ఏ ఇంటివాళ్లు నీళ్లు పోయాలో రాసి పెట్టు. మార్చి నుంచి జూన్ దాకా గడిస్తే చాలు. వాకింగ్ ట్రాక్ కాంట్రాక్టర్ వస్తే దగ్గరుండు. చెట్టు మొదలు దాకా టైల్స్ పరిచేస్తారు. చుట్టూ కనీసం మీటరు మట్టి వదలమని ఢిల్లీలో హరిత ట్రైబ్యునల్ 2013లోనే చెప్పింది. ఇక్కడ కూడా ఆ మాట అడిగి వదిలించుకోవచ్చు. పాత చెట్టేదైనా కొట్టాలంటే నీళ్లు, నేల, చెట్లను కాపాడే వాల్టా చట్టం కింద అనుమతి ఉండాలి, కొమ్మలు అడ్డమొచ్చాయని ఎవరన్నా గొడ్డలి తెస్తే అది చూపించు.

చందా పుస్తకం మాత్రం నీ దగ్గర పెట్టుకోకు. ప్రతి నెలా లెక్క కాగితం గేటు మీద అంటించు, పాలప్యాకెట్‌కు ఇచ్చిన పదమూడు రూపాయలు కూడా.

ఆదివారం నేనూ వస్తున్నాను. యాభై మీటర్ల టేపు నా దగ్గరుంది. లేఅవుట్ కాపీ దొరికినంత మటుకు రెండు జిరాక్సులు తీయించి ఉంచు, ముందు హద్దులు కొలుద్దాం. మీ ఇస్త్రీ బండి ఎక్కడుంటుందో కూడా కనుక్కో, ఆమెను నేనే పిలుస్తాను.

ఇట్లు
మీ పెదనాన్న