ఈఐటీలో అడాప్టివ్ మెష్ పెడితే బొమ్మ క్లియర్‌గా వస్తుందా?

మీ ప్రశ్న నాకర్థమైనంతవరకు ఇది: ఈఐటీ (చుట్టూ ఎలక్ట్రోడ్లతో కరెంట్ పంపి, వోల్టేజ్ కొలిచి లోపలి బొమ్మ గీసే పద్ధతి) కోసం 16 ఎలక్ట్రోడ్ల ట్యాంక్, లోపల పెట్టిన వస్తువు మబ్బు పట్టినట్టు వస్తోంది, మెష్ (లెక్క కోసం ట్యాంక్‌ని చిన్న త్రికోణాలుగా విడగొట్టిన వల) సన్నగా చేస్తే ఇంకా చెడింది, అవసరమైన చోట మాత్రమే సన్నబడే అడాప్టివ్ మెష్‌కి మారితే బాగుపడుతుందా అని. బాగుపడుతుంది, కాకపోతే మీరనుకున్న చోట కాదు.

నేనూ ఎంటెక్‌లో అచ్చం ఇదే చేసి రెండు నెలలు పోగొట్టుకున్నా. బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ టబ్బుకి చుట్టూ స్టీల్ బోల్టులు బిగించి, ఉప్పునీళ్లు పోసి, మధ్యలో ఒక గుండ్రటి దోసకాయ. మా ల్యాబ్‌లో దాన్ని సాంబార్ ప్రాజెక్ట్ అనేవాళ్లు.

ముందు లెక్క చూడండి. పక్కపక్క ఎలక్ట్రోడ్ల జతకి కరెంట్ ఇచ్చి మిగతా జతల్లో వోల్టేజ్ చదివితే 16 సార్లు 13 చొప్పున 208 రీడింగ్‌లు, అందులో కరెంట్ జతనీ వోల్టేజ్ జతనీ తారుమారు చేసినా అదే విలువ రావాలి కాబట్టి నిజంగా విడివిడిగా ఉన్నవి 104 మాత్రమే. మీరు ఇన్వర్స్ మెష్‌లో (వోల్టేజ్‌ల నుంచి వెనక్కి బొమ్మ తేల్చే లెక్కకి వాడేది) ఆరు వేల త్రికోణాలు పెట్టి ఒక్కోదానికి కండక్టివిటీ (కరెంట్‌ని ఎంత సులువుగా పోనిస్తుందో) అడిగితే ఆ 104 అంకెలు ఏం చెప్తాయి పాపం, మిగతాదంతా నాయిసే నింపుతుంది.

కానీ ఫార్వర్డ్ సాల్వ్‌లో (కండక్టివిటీ తెలుసనుకుని వోల్టేజ్‌లు లెక్కకట్టడంలో) సంగతి వేరు, అక్కడ మెష్ సన్నగానే ఉండాలి, ముఖ్యంగా ఎలక్ట్రోడ్ అంచుల దగ్గర, ఎందుకంటే కరెంట్ అంచుల్లోనే గుమిగూడుతుంది, ముతక మెష్‌తో అక్కడ వోల్టేజ్ తప్పొస్తే ఆ తప్పుని అల్గారిథమ్ నిజమైన వస్తువు అనుకుని గోడ పక్కన మచ్చలు వేస్తుంది. అందుకే రెండు మెష్‌లు విడిగా పెట్టండి. లెక్కలో తప్పుని అంచనా వేసే ఎర్రర్ ఎస్టిమేటర్ ఎక్కడ ఎక్కువ చూపిస్తే అక్కడే ఫార్వర్డ్ మెష్ చీల్చండి. ఇన్వర్స్‌ది ముతకగా మొదలుపెట్టి, బొమ్మలో విలువ గబుక్కున మారే చోట మాత్రం ఒకటి రెండు సార్లు చీల్చండి. నాకు ఇన్వర్స్‌లో ఐదారు వందల త్రికోణాలు దాటాక లాభమేం కనిపించలేదు. ఐడార్స్ (ఈఐటీ లెక్కల సాఫ్ట్‌వేర్) వాడుతుంటే అందులో ముతక నుంచి సన్నకి మ్యాప్ చేసే సదుపాయం ఉంది, మీరు రాసుకోనక్కర్లేదు.

నిజం చెప్పాలంటే మెష్ కంటే లాంబ్డాని (బొమ్మని ఎంత నున్నగా ఉంచాలో చెప్పే అంకె) అడాప్టివ్ చేసినప్పుడే నాకు పెద్ద తేడా వచ్చింది. అంతకుముందు కంటికి నచ్చేదాకా తిప్పుతూ ఉండేవాణ్ణి (దోసకాయ ఎక్కడుందో నాకు ముందే తెలుసు కదా, అది మోసమే). తర్వాత ఉత్త ఉప్పునీళ్లతో 50 ఫ్రేములు తీసి నాయిస్ ఎంతో కొలిచి, గాస్ న్యూటన్ (బొమ్మని అంచెలంచెలుగా సరిచేసే పద్ధతి) ఒక్కో స్టెప్‌కి లాంబ్డా తగ్గించుకుంటూ పోయి, కొలిచిన వోల్టేజ్‌లకీ లెక్కకట్టినవాటికీ మధ్య మిగిలిన తేడా ఆ నాయిస్ అంత అవగానే ఆపేశా. ఆ ఉత్త నీళ్ల రీడింగ్‌ల సగటునే రిఫరెన్స్‌గా పెట్టుకుని అసలు రీడింగ్‌ల నుంచి తీసేస్తే బోల్టుల స్థానాల్లో తప్పులు కూడా చాలావరకు కొట్టుకుపోతాయి.

కరెంట్ ప్యాటర్న్‌నే (ఏ ఎలక్ట్రోడ్‌కి ఎంత కరెంట్ ఇవ్వాలో) అడాప్టివ్‌గా మార్చే దారి కూడా ఉంది, ఏ ప్యాటర్న్‌కి తేడా ఎక్కువ తెలుస్తుందో 1986లోనే డేవిడ్ ఐజాక్సన్ అనే గణితజ్ఞుడు చూపించాడు, కానీ దానికి ఒకేసారి చాలా ఎలక్ట్రోడ్లకి కరెంట్ ఇచ్చే హార్డ్‌వేర్ కావాలి, ఒక్క సోర్సూ, దాన్ని ఎలక్ట్రోడ్ల మధ్య మార్చే మల్టీప్లెక్సరూ ఉన్న మనకి కుదరదు.

ఇంకోటి, సిమ్యులేషన్‌లో అద్భుతంగా వస్తోందన్నారు. డేటా తయారు చేసిన మెష్‌తోనే రీకన్‌స్ట్రక్ట్ చేస్తే ఎవరికైనా అలాగే వస్తుందండీ, మెష్ మార్చి, నాయిస్ కలిపి మళ్లీ చూడండి.

ఇవన్నీ చేశాక కూడా నా బొమ్మలో ఒక మూల మచ్చ పోలేదు. వారం తర్వాత తెలిసింది, ఏడో బోల్టు తుప్పు పట్టింది. కాబట్టి కోడ్ ముట్టుకునే ముందు ఆ తారుమారు రీడింగ్‌లు కలుస్తున్నాయో లేదో చూసి, కలవని జతలు ఏవో ఇక్కడ పెట్టండి, అన్నిట్లో ఒకే ఎలక్ట్రోడ్ కనిపిస్తే స్పానర్ తీసుకోండి.