ఒప్పందం సంగతి తర్వాత, ముందు ఆ కవరు జాగ్రత్త చేయండి

ప్రశ్న: రాజోలు దగ్గర ఒక లంక గ్రామంలో ఉంటాను. హైస్కూలులో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా అన్నయ్య శ్రీలంక వెళ్ళిన శాంతి పరిరక్షక దళంలో పనిచేస్తూ జాఫ్నా దగ్గర చనిపోయాడు. ఇంటికి ట్రంకుపెట్టె మాత్రమే వచ్చింది. మా అమ్మ చివరిదాకా ‘ఎవరిని అడిగి పంపారు?’ అంటూనే ఉండేది. కాకినాడ తీరంలో అమెరికా సైనికులతో కలిసి విన్యాసాలు జరిగాయని పేపర్లో చదివినప్పుడు ఆ మాటే గుర్తుకొచ్చింది. వాళ్ళు ఏ ఒప్పందం ప్రకారం వచ్చారు, దానికి పార్లమెంటు ఆమోదం ఉందా, ఎందుకు కలిశారు అని అడుగుతూ, ఒప్పందం పూర్తి పాఠం ఇవ్వమని సమాచార హక్కు కింద ఢిల్లీకి దరఖాస్తు పెట్టాను. దేశ భద్రతకు, విదేశీ సంబంధాలకు హాని చేసే సమాచారానికి మినహాయింపు ఇచ్చే సెక్షన్ 8(1)(ఎ) ప్రకారం ఇవ్వలేమని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. కొబ్బరి దింపు పనుల్లో పడి అప్పీలు గడువు పోగొట్టుకున్నాను. హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేయవచ్చా? పదిహేను వేలు ఇస్తే ఒప్పందం నకలు తెప్పిస్తానని ఢిల్లీలో తెలిసిన ఒకాయన అంటున్నాడు. అది కోర్టులో చెల్లుతుందా? పార్లమెంటుకు చెప్పకుండా దేశాన్ని తాకట్టు పెట్టే హక్కు ప్రభుత్వానికి ఎక్కడిది?

జవాబు: మాస్టారూ, మీరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. నేను ఎక్కువసేపు చూసింది ఆ నాలుగు పేజీలను కాదు, వాటి వెనక మీరు జతచేసిన కవరు జిరాక్సును. ఢిల్లీ నుంచి జవాబు వచ్చిన కవరు అది. దాని మీద మీరు పెద్దకాయ ఎంత, చిన్నకాయ ఎంత, దింపు కూలీకి ఇంకా ఎంత ఇవ్వాలి అని లెక్క రాసుకున్నారు. ఆ అంకెల కింద స్పీడ్ పోస్టు చీటీ, తపాలా ముద్ర ఉన్నాయి. భూతద్దం పెట్టి చూస్తే మార్చి 19 కనబడుతోంది. లోపలి జవాబు మీద తేదీ మాత్రం మార్చి 4. కవరు మీ చేతికి అందింది మార్చి 24న అని మీరే రెండో పేజీలో, వేరే సందర్భంలో, రాశారు.

గడువు దాటిపోయిందని మీకు ఎవరు చెప్పారు? సమాచార హక్కు చట్టం సెక్షన్ 19(1) ప్రకారం మొదటి అప్పీలుకు 30 రోజులు. ఆ 30 రోజులు జవాబు మీద వేసిన తేదీ నుంచి కాదు, జవాబు మీకు అందిన రోజు నుంచి లెక్క. అంటే ఏప్రిల్ 23 వరకు మీకు గడువు ఉంది. మీరు మార్చి 4 నుంచి లెక్కపెట్టుకుని, ఏప్రిల్ 3తో అంతా అయిపోయిందనుకుని చేతులు దులుపుకున్నారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు పౌరశాస్త్రం చెప్పినవారు చట్టంలో ఒక్క వాక్యం తెరిచి చూడకపోవడం నాకు బాధ కలిగించింది.

ఆ కవరు ఇంకో మేలు కూడా చేస్తోంది. మీ దరఖాస్తు ఫిబ్రవరి 3న అందినట్లు వాళ్ళ జవాబులోనే రాసుకున్నారు. 30 రోజులంటే మార్చి 5. ఉత్తరం మీద మార్చి 4 అని వేసి, పోస్టులో వేసింది మార్చి 19న. గడువులోపు జవాబిచ్చామని వాళ్ళు అంటే ఆ ముద్ర ఒప్పుకోదు. అంత విలువైన కాగితం మీద కొబ్బరి లెక్కలు రాస్తారా? వెంటనే ఆ లెక్కను వేరే పుస్తకంలోకి ఎత్తి రాసుకోండి. కవరును మడతపెట్టకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టండి. చీటీ మీది నంబరుతో తపాలా శాఖ ట్రాకింగ్ వివరాలు తీసి ఈరోజే ప్రింటు తీయించండి. అవి ఎక్కువ కాలం నిలవవు.

ఇక మీ పెద్ద ప్రశ్న. పార్లమెంటు ఆమోదం లేదు కాబట్టి ఒప్పందం చెల్లదు అన్న వాదన మీద మీరు కేసు నిలబెట్టాలనుకుంటున్నారు. అది నిలబడదు. విదేశాలతో ఒప్పందాలు చేసుకోవడం కేంద్ర జాబితాలో 14వ అంశం. 73వ అధికరణ ప్రకారం ఆ పని ప్రభుత్వ కార్యనిర్వాహక అధికారంలోకి వస్తుంది. సంతకానికి ముందుగానీ తర్వాతగానీ సభలో ఓటు తీసుకోవాలని మన రాజ్యాంగంలో ఎక్కడా లేదు. ఒప్పందం అమలు చేయడానికి దేశంలో చట్టం మార్చాల్సి వస్తే, పౌరుల హక్కులకు కోత పడితే, దేశ భూభాగం వదులుకోవాల్సి వస్తే అప్పుడు మాత్రమే పార్లమెంటు తప్పనిసరి. బెంగాల్‌లోని బెరుబారి ప్రాంతాన్ని పాకిస్తాన్‌కు ఇచ్చే విషయంలో 1960లోను, పాకిస్తాన్‌తో కచ్ సరిహద్దు వివాదం మీద వచ్చిన అంతర్జాతీయ తీర్పు విషయంలో మగన్‌భాయ్ కేసులో 1969లోను సుప్రీంకోర్టు ఈ గీత గీసింది. అమెరికాతో అణు ఒప్పందం గుర్తు తెచ్చుకోండి. 2008 జూలై 22న లోక్‌సభలో 275, 256గా చీలిన ఓటు ప్రభుత్వం మీద విశ్వాసానికి పడిన ఓటే తప్ప ఒప్పందానికి కాదు. అణు ప్రమాద నష్టపరిహారం విషయంలో మాత్రం 2010లో చట్టం చేయాల్సి వచ్చింది, ఎందుకంటే అక్కడ పౌరుల హక్కు ఉంది.

దీనికి మన గోదావరి పాయల మధ్యే ఉదాహరణ ఉంది. యానాంతో సహా ఫ్రెంచి స్థావరాలను మనకు అప్పగించే ఒడంబడిక మీద 1956 మే 28న సంతకాలయ్యాయి. అది అమల్లోకి వచ్చింది 1962 ఆగస్టు 16న. ఆ ఆరేళ్ళూ ఆగింది ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం కోసం. మన వైపు సంతకానికి ఓటు అక్కరలేదు. ఆ ప్రాంతాన్ని రాజ్యాంగంలో చేర్చడానికి మాత్రం 14వ సవరణ కావలసి వచ్చింది. ఈ తేడా మంచిదని నేను అనను. అమెరికాలో సంధి ఒప్పందానికి సెనేట్‌లో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. బ్రిటన్‌లో 2010 చట్టం ప్రకారం ఒడంబడికను సభ సమావేశమయ్యే 21 రోజులు సభ ముందు ఉంచాలి. మన దగ్గర 2002లో రాజ్యాంగ సమీక్షా కమిషన్ ఇలాంటి ఏర్పాటు కావాలని సూచించింది, ఇంకా రాలేదు. అది రావాలని నేను గట్టిగా కోరుకుంటాను. కానీ రావలసిన చట్టాన్ని ఉన్న చట్టంగా చూపి హైకోర్టులో గెలవలేం.

మీ అన్నగారి విషయం కూడా ఇక్కడే తేలుతుంది. 1987 జూలై 29న కొలంబోలో కుదిరిన ఒప్పందానికి చట్టరీత్యా పార్లమెంటు ఓటు అవసరం లేదు. దాని పాఠం అప్పుడే ప్రకటించారు. 1990 మార్చిలో బలగాలు తిరిగివచ్చాయి. అప్పీలులో ఈ సంగతి ఒక్క ముక్క కూడా రాయవద్దు. అది చదివిన అధికారికి మీ మీద జాలి కలుగుతుంది, మీరు అడిగిన కాగితం మాత్రం పక్కకు పోతుంది. అన్నగారు ఏ పరిస్థితుల్లో మరణించారో తెలుసుకోవాలంటే ఆయన రెజిమెంటు రికార్డు కార్యాలయానికి, రక్తసంబంధికుడిగా, విడిగా దరఖాస్తు పెట్టండి. అది వేరే కాగితం, వేరే దారి.

ఇప్పుడు ఆ ఢిల్లీ మనిషి. ఈ విషయంలో మీతో కఠినంగా మాట్లాడక తప్పదు. ఆ పదిహేను వేలు ఇవ్వవద్దు, ఆయన ఏమైనా పంపితే ఫోన్లో తెరవవద్దు, ఇంకెవరికీ పంపవద్దు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం సెక్షన్ 5 కింద రహస్య పత్రం ఇచ్చినవాడే కాదు, అది చట్టవిరుద్ధంగా వస్తోందని తెలిసి పుచ్చుకున్నవాడూ నేరస్తుడే. మూడేళ్ళ వరకు జైలు. డబ్బు ప్రభుత్వ ఉద్యోగి చేతికి చేరితే, అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 8 కింద లంచం ఇచ్చినవారికి ఏడేళ్ళ వరకు శిక్ష ఉంది. రాఫెల్ యుద్ధవిమానాల కొనుగోలు కేసులో దొంగిలించిన కాగితాలను కోర్టు చూసింది కదా అని మీరు రాశారు. 2019 ఏప్రిల్ 10 తీర్పు జాగ్రత్తగా చదవండి. ఆ కాగితాలను ఒక జాతీయ దినపత్రిక అప్పటికే అచ్చువేసింది. సాక్ష్యంగా చూడవచ్చా అన్నదే అక్కడి ప్రశ్న. కోర్టు చూసినంత మాత్రాన కాగితం కొన్నవాడి మీద కేసు పోదు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో మీరు పోలీసు స్టేషను మెట్లు ఎక్కడానికా ఇదంతా?

వ్యాజ్యం కూడా ఇప్పుడు వద్దు. ఓడిపోతారని మాత్రమే కాదు. లోక్‌సభ నియమాల ప్రకారం కోర్టు విచారణలో ఉన్న విషయం మీద ప్రశ్న అడగడానికి వీల్లేదు, పౌరుల వినతులు చూసే పిటిషన్ల కమిటీ ముందుకు పోవడానికీ అదే అడ్డు. పార్లమెంటు అడగాలని కోరుకుంటూ, మీ చేత్తోనే పార్లమెంటు తలుపు వేసుకున్నవారవుతారు.

మరి చేయవలసింది ఏమిటి? ఏప్రిల్ 23లోపు మొదటి అప్పీలు పెట్టండి. దీనికి రుసుము లేదు. అప్పీలులో మూడు మాటలు చాలు. ఒకటి, సెక్షన్ 7(8) ప్రకారం తిరస్కరణకు కారణం చెప్పాలి. అప్పీలు ఎవరికి, ఎన్ని రోజుల్లో చేసుకోవాలో కూడా రాయాలి. ఒక్క వాక్యంలో సెక్షన్ నంబరు వేస్తే కారణం చెప్పినట్లు కాదు. రెండు, తిరస్కరణ సరైనదని రుజువు చేసే భారం సెక్షన్ 19(5) ప్రకారం వాళ్ళదే. మూడు, దాచవలసిన భాగం తీసేసి మిగిలింది సెక్షన్ 10 కింద ఇవ్వాలి. కవరు, ట్రాకింగ్ ప్రింటు జతచేయండి. ఏ కారణం వల్లనైనా 23 దాటిపోతే, తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలుంది. అయితే కొబ్బరి దింపు తగిన కారణం అని నేనైతే వాదించలేను. అప్పీలులోనూ న్యాయం జరగకపోతే 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

పూర్తి పాఠం వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. 1962 చైనా యుద్ధం మీది హెండర్సన్ బ్రూక్స్ నివేదికనే ఇవ్వనక్కరలేదని కమిషన్ 2009లో తేల్చింది. అందుకే ఇంకో కొత్త దరఖాస్తు పెట్టమంటున్నాను, ఈసారి అడగడం నేర్చుకుని. ‘ఎందుకు కలిశారు’ అన్నది సమాచారం కాదు, అభిప్రాయం. ఏ పత్రంలోనూ ఉండదు. కాకినాడ తీరంలో జరిగిన ఆ విన్యాసం పేరు టైగర్ ట్రయంఫ్. 2019 నవంబరులో మొదలై, 2025 ఏప్రిల్‌లోనూ విశాఖ, కాకినాడల దగ్గర జరిగింది. అది మానవతా సాయానికి, విపత్తు ఉపశమనానికి ఉద్దేశించినదని నౌకాదళమే ప్రకటించింది. మీ బలం అక్కడే ఉంది. 1996 నవంబరు తుపానులో కొబ్బరి తోటలు నేలకూలడం చూసిన కోనసీమ వాడికి, తుపాను సాయం కోసం జరిగిన సాధనలో ఖర్చెంత, అది ఏ ఒప్పందం కింద జరిగింది, ఆ ఒప్పందం మీద సంతకం ఏ తేదీన అయింది అని చెబితే దేశ భద్రతకు ఏం ముప్పు? ఇవి అడగండి. 2016 ఆగస్టు 29న అమెరికాతో కుదిరిన రవాణా, సరఫరా సహకార ఒప్పందం ఉంది. ఇంధనం, ఆహారం, మరమ్మతులు ఒకరికొకరు సమకూర్చుకుని ఖర్చు చెల్లించుకోవడం గురించినది. దాని కింద ఈ విన్యాసంలో చెల్లింపులు ఏమైనా జరిగాయా అని పేరు పెట్టి అడగండి. దరఖాస్తు రక్షణ శాఖకు పెట్టండి. పది రూపాయల రుసుముతో పని.

రెండో దారి మీ ఎంపీ. పార్లమెంటు ఓటు వేయనంత మాత్రాన ప్రశ్నించలేదని కాదు. విదేశాంగ వ్యవహారాలను పరిశీలించే పార్లమెంటు స్థాయీ సంఘంలో 31 మంది సభ్యులుంటారు. భూటాన్ సరిహద్దులోని డోక్లాం దగ్గర చైనా సైన్యంతో ఎదురుపడిన ఉదంతం మీద ఆ సంఘం 2018 సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది. దాని సిఫారసులకు ప్రభుత్వం కట్టుబడాలని లేదు, కానీ ఏం చేసిందో మూడు నెలల్లో రాతపూర్వకంగా చెప్పాలి. ప్రశ్న విషయానికొస్తే, కనీసం 15 రోజుల ముందు నోటీసు కావాలి, 150 పదాలు మించకూడదు. వాదన, వ్యంగ్యం, నింద ఉంటే ప్రశ్నను అనుమతించరు. ‘దేశాన్ని తాకట్టు పెట్టారా’ అని రాశారో, మీ ప్రశ్న సెక్రటేరియట్ బల్ల దాటదు. ‘ఫలానా విన్యాసం ఏ ఒప్పందాల కింద జరిగింది, సభ ముందు వాటి వివరాలు ఉంచారా, లేకపోతే ఎప్పుడు ఉంచుతారు’ అని మాత్రమే రాసి, లిఖితపూర్వక జవాబు కోరమని ఎంపీకి ఇవ్వండి. ఆఫీసులో ఇచ్చి, ఇంకో కాపీ మీద తేదీతో సంతకం పెట్టించుకోవడం మరవద్దు. ‘సమాచారం సేకరిస్తున్నాం’ అని మంత్రి జవాబిస్తే నిరుత్సాహపడకండి. అది సభకు ఇచ్చిన హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి, ప్రభుత్వ హామీల కమిటీ వెంటపడుతుంది. సభలో వచ్చిన జవాబు రుజువుకు పనికొచ్చే ప్రభుత్వ పత్రం. పదిహేను వేలకు కొన్న నకలు దాని కాలిగోటికి సరిపోదు.

అప్పీలు తెల్లకాగితం మీద మీ చేతిరాతతో రాస్తే చాలు, వకీలు అక్కరలేదు. ఏప్రిల్ 21లోపు రాజోలు పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు చేయండి. రసీదు చేతికిచ్చాక దాని మీద తేదీ స్పష్టంగా పడిందో లేదో కౌంటరు దగ్గరే చూసుకుని, కవరు ఉన్న సంచిలోనే పెట్టండి.