ఆ ఇల్లు ఎవరి పేరున ఉందో ముందు చూడండి

ప్రశ్న: నా వయసు 53. సొంతూరు రాజమండ్రి. చాలా ఏళ్లుగా ఇంగ్లండ్‌లోనే ఉంటున్నాను, ఇక్కడి పౌరసత్వం కూడా ఉంది. నాటింగ్‌హామ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. విడాకుల తర్వాత 2013లో ఒక ఇంగ్లిష్ ఆయనను పెళ్లి చేసుకున్నాను. ఆయనకు 67 ఏళ్లు, రిటైరైన టీచరు. ఆయన మొదటి భార్య 2009లో క్యాన్సర్‌తో చనిపోయారు. ఇద్దరు పిల్లలూ పెద్దవాళ్లయ్యారు. అమ్మాయి ఐరిష్ పాస్‌పోర్టు తీసుకుని డబ్లిన్‌లో స్థిరపడింది, అబ్బాయి లండన్‌లో ఉంటాడు. ఆయన మొదటి భార్యతో కలిసి 2004లో ఫ్రాన్స్‌లోని క్రోజ్ జిల్లాలో ఒక పల్లెటూళ్లో పాత రాతి ఇల్లు కొన్నారు. నా సెలవులన్నీ ఆ ఇంటికే పోతున్నాయి. పైకప్పు మార్చడానికి నా పొదుపులోంచి 15 వేల పౌండ్లు ఇచ్చాను. మొన్న ఫిబ్రవరిలో అక్కడ పైపు పగిలింది. పొరుగింటి పెద్దావిడ ఫోన్ చేసి ఫ్రెంచ్‌లో కంగారుగా చెబుతుంటే నాకు సగమే అర్థమైంది. ఆయన స్కాట్లండ్‌లో ఉన్నారు, ఫోన్ దొరకలేదు. నీళ్లు ఎక్కడ కట్టేయాలో నేను ఆమెకు చెప్పలేకపోయాను. వంటింటి సీలింగు మొత్తం ఊడిపడింది. ఇప్పుడు ఆయన ఏడాదిలో ఆరు నెలలు అక్కడే ఉందామని, నన్ను ముందుగానే రిటైరవ్వమని అంటున్నారు. పిల్లలు దాన్ని ఇప్పటికీ ‘అమ్మ ఇల్లు’ అనే అంటారు. నేను కర్టెన్లు మార్చినా ముఖాలు మాడ్చుకుంటారు. రాజమండ్రిలో మా అమ్మకు 79 ఏళ్లు. ఆమెను చూసి రెండేళ్లు దాటింది. ఇల్లు అమ్మేయమని పట్టుబడితే నేను చెడ్డదాన్ని అవుతానా?
– ఒక సోదరి, నాటింగ్‌హామ్

జవాబు: అమ్మా, చెడ్డవారు కారు. అయితే ‘అమ్మేయండి’ అనే మాట మీ నోటి నుంచి వచ్చేలోగా తెలుసుకోవలసిన విషయం ఒకటుంది: అమ్మే అధికారం అసలు మీవారి ఒక్కరి చేతిలోనే ఉందా? పన్నెండేళ్లకు పైగా ఆ ఇంటిని తుడిచి, సర్ది, దానికి డబ్బు పెట్టిన మీకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. మీ లేఖలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది అదే.

ఫ్రాన్స్‌లో ఉన్న ఇంటికి 2009లో వారసత్వం ఫ్రెంచ్ చట్టం ప్రకారమే తేలేది. యజమాని ఇంగ్లండ్‌లో చనిపోయినా, ఇంగ్లండ్‌లో వీలునామా రాసినా అంతే. ఆ చట్టంలో పిల్లలకు తప్పనిసరి వాటా ఉంటుంది. ఒక బిడ్డ ఉంటే ఆస్తిలో సగం, ఇద్దరుంటే మూడింట రెండు వంతులు, ముగ్గురు లేక అంతకన్నా ఎక్కువ మంది ఉంటే నాలుగింట మూడు వంతులు వాళ్లకు దక్కాలి. కాబట్టి ఇంట్లో సగం ఆమె పేరున ఉండి ఉంటే, ఆమె చనిపోయిన రోజునే ఆ సగంలో పిల్లలు హక్కుదారులయ్యారు. చాలా కుటుంబాల్లో జరిగేది ఏమిటంటే, బతికున్న భర్తకు జీవితకాల అనుభవ హక్కు (బతికున్నంత కాలం వాడుకునే హక్కు), పిల్లలకు మూల యాజమాన్యం వస్తాయి. అదే నిజమైతే పిల్లల సంతకాలు లేకుండా మీవారు ఇల్లు అమ్మలేరు. పిల్లలు ‘అమ్మ ఇల్లు’ అంటున్నది బెంగతో మాత్రమే కాకపోవచ్చు, కాగితాల ప్రకారం కూడా అది వాళ్ల అమ్మ ఇల్లే కావచ్చు. మరోవైపు, ఆ కాలంలో ఇల్లు కొన్న బ్రిటిష్ దంపతుల్లో చాలామంది దస్తావేజులో ‘టాంటిన్’ అనే షరతు రాయించుకున్నారు. అది ఉంటే, బతికున్నవారు మొదటి నుంచీ మొత్తం ఇంటికి తామే యజమాని అయినట్టు లెక్క. ఈ రెండింటిలో మీది ఏదో దస్తావేజు చూస్తే గానీ తెలియదు. ఆస్తి వ్యవహారాలు చూసే అధికారిని ఫ్రాన్స్‌లో నోటేర్ అంటారు. 2004 నాటి కొనుగోలు దస్తావేజు, 2009 తర్వాత నోటేర్ రాసిన బదిలీ పత్రం చూపించమని మీవారిని అడగండి. భార్యగా, పైకప్పుకు డబ్బు ఇచ్చిన మనిషిగా అడిగే హక్కు మీకుంది.

ఆ పైకప్పు సంగతి కూడా చెప్పాలి. అనుభవ హక్కు ఒకరిది, మూల యాజమాన్యం మరొకరిది అయినప్పుడు, పైకప్పు మొత్తం మార్చడం వంటి పెద్ద మరమ్మతులను ఫ్రెంచ్ చట్టం మూల యజమానుల మీద పెడుతుంది. రోజువారీ నిర్వహణ, ఆస్తిపన్ను అనుభవించేవారి మీద ఉంటాయి. అంటే ఆ ఖర్చులో కొంత పిల్లల బాధ్యత అయి ఉండవచ్చు, దాన్ని మీరు మోశారు. వాళ్లను నిలదీయమని నేను అనడం లేదు. మీవారు ఆ డబ్బును అప్పుగా ఒప్పుకుంటూ ఒక పత్రం రాసివ్వడం న్యాయం. దాన్ని నోటేర్ దగ్గర రాయించుకుంటే ఆయన తర్వాత కూడా మీకు పనికొస్తుంది. పనివాళ్లు ఇచ్చిన బిల్లులు, బ్యాంకు వివరాలు ఒకచోట దాచుకోండి.

ఇక మీరు లేఖలో రాయకపోయినా ప్రతి వాక్యం వెనుకా వినిపిస్తున్న భయం ఒకటుంది: ఆయనకు ఏదైనా అయితే నా గతి ఏమిటి? 2015 ఆగస్టు 17 నుంచి అమల్లోకి వచ్చిన యూరప్ నియమం ప్రకారం, తన వారసత్వానికి సొంత దేశపు చట్టమే వర్తించాలని వీలునామాలో రాసుకోవచ్చు. ఇంగ్లిష్ చట్టంలో తప్పనిసరి వాటాలు లేవు కనుక అంతా భార్యకు రాసేయవచ్చని చాలామంది ధీమాగా ఉన్నారు. కానీ 2021 నవంబర్ 1 నుంచి ఫ్రాన్స్ ఒక అడ్డు పెట్టింది. చనిపోయినవారు గానీ, వారి పిల్లల్లో ఒక్కరైనా గానీ యూరోపియన్ యూనియన్ పౌరులైనా, అక్కడ నివసిస్తున్నా, పిల్లలు ఫ్రాన్స్‌లోని ఆస్తి నుంచి తమ వాటాను తిరిగి కోరవచ్చు. మీ ఇంటి అమ్మాయి ఐరిష్ పాస్‌పోర్టుతో డబ్లిన్‌లోనే ఉంది. కాబట్టి ‘నీకే రాశాను’ అని మీవారు ఎంత ప్రేమగా చెప్పినా, ఆ మాట మీద మీ వృద్ధాప్యాన్ని నిలబెట్టుకోకండి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆ ఫ్రాన్స్ ఇంటి కోసం మీరు పోరాడకండి, అది పిల్లలకే వెళ్లనివ్వండి. దానికి బదులుగా మీరు రోజూ నివసించే నాటింగ్‌హామ్ ఇల్లు మీకు భద్రంగా దక్కేలా మీవారితో వీలునామా రాయించండి. అది ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు. ఫ్రాన్స్ ఇంటి కాగితాల కన్నా ముందు చూడవలసింది ఇదే కావచ్చు. ఈ పంపకంలో పిల్లలకు వాళ్ల అమ్మ జ్ఞాపకం మిగులుతుంది, మీకు తలదాచుకునే చోటు మిగులుతుంది, మీవారు ఇద్దరి మధ్యా నలగరు. మరో కారణం కూడా ఉంది. ఫ్రాన్స్‌లో భార్యకు వచ్చే వారసత్వంపై పన్ను లేదు. కానీ అదే ఇల్లు మీ తర్వాత మీ నుంచి ఆయన పిల్లలకు పోతే, చట్టం వాళ్లను మీకు పరాయివాళ్లుగా చూసి, దాదాపు మొత్తం విలువపై 60 శాతం పన్ను వేస్తుంది. రెండు దేశాలకూ వేర్వేరు వీలునామాలు రాస్తే రెంటినీ ఒకరికొకరు చూపించుకునే న్యాయవాదులతోనే రాయించండి. ఇంగ్లిష్ వీలునామాల్లో మామూలుగా ఉండే ‘ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు’ అనే వాక్యం ఫ్రాన్స్‌లో రాసినదాన్ని కూడా రద్దు చేయగలదు.

ఆరు నెలల ప్రతిపాదన గురించి. అది మీవారు అనుకున్నంత సులువు కాదు. 2021 జనవరి 1 నుంచి బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవారు ఏ 180 రోజుల్లోనైనా షెంగెన్ దేశాలన్నిటిలో (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన యూరప్ దేశాలు) కలిపి 90 రోజులకు మించి ఉండకూడదు. అక్కడ సొంత ఇల్లు ఉండటం వల్ల ఒక్క రోజు కూడా పెరగదు. వచ్చిన రోజు, వెళ్లిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి, మధ్యలో ఇటలీ వెళ్లినా అదే ఖాతా. ఏప్రిల్ 1న వెళ్లి జూన్ 29 వరకు ఉంటే 90 రోజులు పూర్తవుతాయి, మళ్లీ సెప్టెంబర్ 28 దాకా అడుగు పెట్టడానికి లేదు. ఎండలు కాసే జూలై, ఆగస్టు నెలలు అలా చేతి నుంచి జారిపోతాయి. ఒకప్పుడు పాస్‌పోర్టులో ముద్రలు లెక్కపెట్టడంలో అధికారులు పొరబడేవారేమో గానీ, 2025 అక్టోబర్ 12 నుంచి వేలిముద్రలు, ఫొటో తీసుకుని యంత్రమే రోజులు లెక్కించే పద్ధతి మొదలైంది. ఫ్రాన్స్‌లో ఇల్లున్న బ్రిటిష్ వారికి వీసా లేకుండానే ఎక్కువ కాలం ఉండే వీలు కల్పించాలని అక్కడి పార్లమెంటు ఒక సవరణ తెచ్చింది. దాన్ని 2024 జనవరిలో రాజ్యాంగ మండలి కొట్టివేసింది. మిగిలిన దారి తాత్కాలిక దీర్ఘకాల వీసా: ఆరు నెలల వరకు ఉండవచ్చు, అక్కడ ఉద్యోగం చేయరాదు, ఆదాయానికీ ఆరోగ్య బీమాకూ రుజువులు చూపాలి, మళ్లీ కావాలంటే బ్రిటన్ నుంచి కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఆయనకు అంత ఇష్టమైతే ఆ వీసా ఆయన తీసుకోవచ్చు. మీరు తీసుకోవలసిన అవసరం లేదు.

ముందస్తు రిటైర్మెంట్‌కు మాత్రం ఒప్పుకోకండి. ఎన్‌హెచ్‌ఎస్ పింఛను ముందుగా తీసుకుంటే అది తగ్గుతుంది, ఆ తగ్గింపు జీవితాంతం ఉంటుంది. మీది కాని ఇంట్లో, మీకు సరిగా రాని భాషలో, కారు లేకుండా రొట్టె కూడా తెచ్చుకోలేని పల్లెలో ఆరు నెలలు గడపడానికి మీ సొంత ఆదాయాన్ని తగ్గించుకోవడం తెలివైన పని కాదు. ఆయన వసంతంలో కొన్ని వారాలు ఒక్కరే వెళ్లి, మీరు రెండు వారాలు వెళ్లి కలిస్తే దాన్ని విడిపోవడం అని ఎవరూ అనరు. మన ఇళ్లలో భార్యాభర్తలు వేర్వేరుగా ఉంటే చుట్టాలు గుసగుసలాడతారనే బెదురు మీ మనసులో ఉంటే దాన్ని తీసేయండి.

ఫిబ్రవరిలో జరిగినదాన్ని మీ తప్పుగా మోయకండి. చలికాలానికి ఇల్లు మూసేటప్పుడు చేయవలసినది చేయకపోవడం వల్ల పైపు పగిలింది. అలాంటి పాత ఇళ్లకు నీటి మీటరు చాలాచోట్ల రోడ్డు పక్కన ఇనప మూత కింద గుంటలో ఉంటుంది. తాళం వేసే రోజున అక్కడి వాల్వు కట్టేసి, ఇంట్లో కుళాయిలన్నీ తెరిచి, వేడినీళ్ల ట్యాంకు ఖాళీ చేసి, సింకుల కింద వంపుల్లో మిగిలే నీటిలో గడ్డకట్టకుండా చేసే ద్రవం పోయాలి. ఇది చేయకపోతే నష్టపరిహారం ఇవ్వబోమని చాలా బీమా పాలసీల్లో రాసి ఉంటుంది, ఆ కాగితం చదవండి. వాల్వు ఉన్న చోటును ఫొటో తీసి ఒక ప్రతి మీ ఫోన్‌లో, మరొకటి ఫ్రెంచ్‌లో రాసిన నాలుగు వాక్యాలతో సహా పొరుగింటావిడ దగ్గర ఉంచండి. ఆమె పెద్దావిడ కదా, ఊరికే శ్రమ పెట్టకుండా నెలకోసారి ఇల్లు చూసిపోయే మనిషిని డబ్బిచ్చి పెట్టుకోమని మీవారికి చెప్పండి. ఈ ఏర్పాటు ఆయన బాధ్యత. ఆయన ఫోన్ దొరకని చోటికి వెళ్లినప్పుడు ఫోన్ ఎవరు తీయాలో కూడా ఆయనే తేల్చాలి, అబ్బాయి లండన్‌లోనే ఉన్నాడు కదా.

కర్టెన్ల విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు. తల్లిని పోగొట్టుకున్న పిల్లలకు ఆమె కుట్టిన గుడ్డ, ఆమె నాటిన గులాబీ మొక్క కూడా ఆమే. వాటి మీద మీరు గెలవలేరు, గెలవాలని ప్రయత్నించకండి. అయితే అతిథిలా ఒదిగి ఉండాల్సిన పనీ లేదు. ఒక గది పూర్తిగా మీది కావాలని అడగండి, అందులో కర్టెన్లు, మంచం, దేవుడి పటం అన్నీ మీ ఇష్టం. ఈ మాట పిల్లలతో మీవారే చెప్పాలి. మీరు చెబితే తగవు అవుతుంది, తండ్రి చెబితే నిర్ణయం అవుతుంది. పిల్లలు ఆ ఇంటికి వచ్చినప్పుడు ఒక వారాన్ని తండ్రికీ పిల్లలకూ వదిలేయండి. మీరు లేని ఆ కొద్ది రోజులు వాళ్లు ఆమె గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోగలుగుతారు, దానివల్ల మీ మీద బిగిసిన మనసులు కొంత సడలవచ్చు.

ఆ వారానికి మరో రెండు వారాలు కలుపుకుని రాజమండ్రి వెళ్లండి. 79 ఏళ్ల తల్లి విషయంలో ‘వచ్చే ఏడాది’ అనే మాట వద్దు. ఈ ఏడాది సెలవుల్లో ముందుగా గుర్తు పెట్టవలసిన తేదీలు అవే, ఫ్రాన్స్‌కు మిగిలినవి చాలు. ఎప్పుడైనా అమ్మగారిని ఇంగ్లండ్‌కు తీసుకొచ్చి ఆ ఇల్లు కూడా చూపిద్దామనుకుంటే, ఆమె భారతీయ పాస్‌పోర్టు మీద బ్రిటన్ వీసా ఫ్రాన్స్‌కు చెల్లదు, షెంగెన్ వీసా విడిగా తీసుకోవాలి. ఇంట్లో కాచిన నెయ్యి కారులో పెట్టుకుని ఫ్రాన్స్‌కు వెళ్లడానికి కూడా లేదు, బ్రిటన్ నుంచి పాలు, మాంసంతో చేసినవి అక్కడికి తీసుకెళ్లనివ్వరు.

మీవారితో మాట్లాడేటప్పుడు అమ్మకం మాటతో మొదలుపెట్టకండి. ముందు రెండు ఇళ్ల కాగితాలు బల్ల మీద పెట్టమని అడగండి, తర్వాత వీలునామా, ఆ తర్వాత రోజుల లెక్క. కాగితాలు చూపించడానికే ఆయన వెనకాడితే మీ సమస్య ఇల్లు కాదు, నమ్మకం. అప్పుడు మళ్లీ రాయండి, ఆ సంగతి విడిగా మాట్లాడుకుందాం.