ఓడ ఎక్కే వేళకు ఎంత ముందుగా వెళ్లాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్న మా అమ్మాయి, అల్లుడు వచ్చే జనవరిలో మమ్మల్ని గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికో వైపు వెళ్లే క్రూయిజ్‌కు తీసుకువెళ్తున్నారు. ఓడ సాయంత్రం 4 గంటలకు బయలుదేరుతుందట. మేము ఎక్కడానికి ఇచ్చిన సమయం మధ్యాహ్నం 1 నుంచి 1.30 వరకు. పదిన్నరకే వెళ్లినా ఎవరూ ఆపరని, మధ్యాహ్న భోజనం ఓడలోనే చేయవచ్చని అల్లుడు అంటున్నాడు. ఇచ్చిన వేళకే వెళ్లాలని అమ్మాయి పట్టుబడుతోంది. తిరుమలలో 300 రూపాయల దర్శనం టికెట్టు మీద వేసిన వేళకు గంట ముందే వైకుంఠం క్యూ కాంప్లెక్స్ దగ్గరికి చేరుకోవడం మాకు అలవాటు కనుక నాకూ ముందే వెళ్లడం మేలనిపిస్తోంది. మా వారికి మోకాళ్ల నొప్పులు, షుగరు ఉన్నాయి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: అమ్మా, ఈ విషయంలో మీ అమ్మాయి మాటే వినండి. అయితే మీ అల్లుడి తొందరను పూర్తిగా కొట్టిపారేయకండి. ఆ తొందరేదో టెర్మినల్ గేటు దగ్గర కాకుండా డల్లాస్‌లో ఇల్లు దాటేటప్పుడు చూపించమనండి. డల్లాస్ నుంచి గాల్వెస్టన్‌కు దాదాపు 460 కిలోమీటర్లు. దారిలో హ్యూస్టన్ నగరం మధ్యగా పోవాలి. అక్కడ ఒక ప్రమాదం జరిగి రోడ్డు ఆగిందంటే గంటన్నర, రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి. ముందురోజు సాయంత్రానికే గాల్వెస్టన్‌కో, కనీసం హ్యూస్టన్‌కో చేరుకుని రాత్రి అక్కడ పడుకుంటే, మరునాడు ఓడ ఎక్కే విషయంలో మీకు ఆందోళన ఉండదు. ఊరికి ఎంత ముందుగా చేరితే అంత మంచిది కాని, గేటుకు ముందుగా చేరడం వల్ల సాధారణంగా కలిసొచ్చేదేమీ ఉండదు.

అలా ఎందుకంటున్నానో చెప్పాలంటే ఆ రోజు ఉదయం రేవులో జరిగే పని చెప్పాలి. మీరు ఎక్కబోయే ఓడ అదే రోజు తెల్లవారుజామున ఇంకో యాత్ర ముగించుకుని వచ్చి ఉంటుంది. గాల్వెస్టన్ నుంచి నడిచే పెద్ద ఓడల్లో ఐదు వేలమందికి పైగా ప్రయాణికులు పడతారు. వాళ్లంతా సామానుతో దిగి, ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలు ముగించుకుని బయటపడాలి. పాత ప్రయాణికుల్లో ఆఖరి మనిషి కూడా దిగినట్టు లెక్క తేలేదాకా కొత్తవారిని ఎక్కించడం మొదలుపెట్టరు. దిగవలసినవారిలో ఒకరిద్దరు కనబడకపోతే, వాళ్ల పేర్లు మైకులో పిలుస్తూ వెతుకుతున్నంతసేపూ బయటి వరుస కదలదు. ఈలోగా గదులన్నీ శుభ్రం చేయాలి, వారానికి సరిపడా కూరగాయలు, పాలు, మాంసం ఎక్కించాలి. ఇన్ని వేలమంది ఒక్కసారిగా వచ్చి పడితే టెర్మినల్ తట్టుకోలేదు కాబట్టే ప్రయాణికులను అరగంటకో జట్టు చొప్పున విడగొట్టి వేళలు ఇస్తారు.

తిరుమల అలవాటు గురించి రాశారు. అక్కడ ముందుగా వెళ్లినా కంపార్టుమెంటులో కూర్చోబెడతారు, పాలో ఉప్మానో అందిస్తారు, మరుగుదొడ్లు దగ్గరలోనే ఉంటాయి. గాల్వెస్టన్‌లో వేళ కాకముందే వచ్చినవారిని పక్కన ఆగమంటే, ఆగేది టెర్మినల్ బయట కాలిబాట మీద. జనవరిలో సముద్రపు గాలి చల్లగా కొడుతుంది, కూర్చునే చోటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. మీ అల్లుడు చెప్పినట్టు రద్దీ తక్కువగా ఉన్న రోజున అడక్కుండానే లోపలికి పంపేయడమూ ఉంది, నిజమే. కాని ముందుగా వచ్చినవారు తమ వేళ వరకు ఆగాల్సి రావచ్చని కంపెనీలు ముందే చెబుతాయి కనుక, ఆపినప్పుడు వాదించడానికి మనకేమీ మిగలదు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని ఆ అనుమానానికి వదిలిపెట్టడం నాకు నచ్చలేదు. మీ వారికి చక్రాల కుర్చీ సహాయం కావాలని బుకింగ్‌లో ఇప్పుడే రాయించండి. దానికి ఖర్చు ఉండదు, మొహమాటపడవలసిన పనీ లేదు.

భోజనం సంగతికి వస్తే, ముందుగా ఎక్కినవారికి బఫే తెరిచే ఉంటుంది కాని, గదులు మాత్రం సాధారణంగా ఒంటిగంట, ఒంటిగంటన్నరకు గాని ఇవ్వరు. అందాకా చేతిసంచులు మోసుకుంటూనే తిరగాలి. మీకిచ్చిన వేళకు వెళ్తే పెద్ద వరుసలు కాస్త పలచబడి, మీరు పైకి చేరేసరికి గది సిద్ధంగా ఉంటుంది. షుగరు ఉన్నవారు భోజనం రెండింటి దాకా ఆపుకోకూడదు కనుక, బస చేసిన చోటే పన్నెండుకు తిని బయలుదేరండి.

పెద్ద పెట్టెలకు కంపెనీ ఇచ్చే ట్యాగులు ఇంటి దగ్గరే ప్రింటు తీసి, గదినంబరు పైకి కనబడేలా మడిచి హ్యాండిల్‌కు బిగించండి. టెర్మినల్ ముందు కారు ఆగగానే పోర్టర్లు వాటిని తీసుకుంటారు. మళ్లీ అవి మీ గది గుమ్మం దగ్గర కనిపించేది సాయంత్రానికో, ఒక్కోసారి రాత్రి భోజనాల వేళకో. అందువల్ల షుగరు, బీపీ మందులు, పాస్‌పోర్టులు, కళ్లజోళ్లు, రాత్రి భోజనానికి కట్టుకోవాలనుకున్న చీర చేతిసంచిలోనే ఉండాలి. చెక్-ఇన్ కౌంటరు దగ్గర మనవాళ్లు ఎక్కువసేపు ఆగేది కాగితాల కోసమే. మీ అమెరికా వీసా పాత పాస్‌పోర్టులో ఉంటే పాతదీ కొత్తదీ రెండూ తీసుకువెళ్లండి. ఆ వీసా ఎన్నిసార్లయినా ప్రవేశించడానికి వీలున్నదేనా, తిరిగివచ్చే తేదీ వరకు చెల్లుతుందా అన్నది కూడా ఒకసారి చూసుకోండి.

మీరు వెళ్లేది జనవరి కాబట్టి ఇంకొక మాట. చలికాలంలో గాల్వెస్టన్ దగ్గర దట్టమైన పొగమంచు కమ్మి ఓడల దారిని మూసివేయడం తరచుగా జరిగేదే. అప్పుడు ఓడే ఆలస్యంగా రేవుకు చేరుతుంది, ఇచ్చిన వేళలన్నీ వెనక్కి జరుగుతాయి. ఆ సంగతి కంపెనీ మెసేజి ద్వారా, ఈమెయిల్ ద్వారా తెలియజేస్తుంది. ఉదయం లేవగానే ఫోన్ చూడమని అమ్మాయికి చెప్పండి. టెర్మినల్ నంబరు కూడా అప్పుడే సరిచూసుకోవాలి. రాయల్ కరేబియన్ కంపెనీకి 2022 నవంబరులో తెరిచిన 10వ టెర్మినల్ విడిగా ఉంది; మిగతావి దానికి దూరంగా వేరే చోట ఉన్నాయి.

ప్రశ్న: మాది నాలుగు కుటుంబాల జట్టు. ఒక్కో గదికి ఒక్కో వేళ వచ్చింది. అందరం కలిసి ఎక్కవచ్చా? ఇచ్చిన వేళ దాటిపోతే రానివ్వరా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఆన్‌లైన్ చెక్-ఇన్ తెరిచిన రోజు ఎవరు ముందు కూర్చుంటే వాళ్లకు మంచి వేళలు దక్కుతాయి. కంపెనీని బట్టి అది ప్రయాణానికి నెలన్నర ముందు నుంచి రెండు వారాల ముందు వరకు ఎప్పుడైనా తెరుచుకోవచ్చు. ఇప్పటికే వేరువేరుగా వచ్చాయి కాబట్టి, అందరికంటే ఆలస్యపు వేళ ఎవరిదో చూసి ఆ వేళకు కలిసి వెళ్లండి. ముందుగా వచ్చినవారిని ఆపుతారు కాని, కాస్త ఆలస్యంగా వచ్చినవారిని వెనక్కి పంపరు.

అయితే ఆ ఆలస్యానికి ఒక హద్దు ఉంది. మీ వేళ వేరు, ఎక్కించడం ముగించే సమయం వేరు. ఓడ కదలడానికి గంట నుంచి గంటన్నర ముందే చాలా కంపెనీలు ఎక్కించడం ఆపేస్తాయి, ఆ తర్వాత ఎంత బతిమాలినా లాభం ఉండదు. అమెరికా రేవుల నుంచి బయలుదేరే ఓడ తన ప్రయాణికుల జాబితాను గంట ముందే అక్కడి ప్రభుత్వానికి పంపాలన్నది చట్టం. దానికితోడు ప్రమాద సమయంలో ఎక్కడ చేరాలో చూపించే భద్రతా విన్యాసం ఓడ కదిలే లోపు, లేదా కదిలిన వెంటనే అందరూ పూర్తిచేయాలి. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా ఓడ ఒరిగిపోయి 32 మంది చనిపోయినప్పుడు, ఆ సాయంత్రమే ఎక్కిన ప్రయాణికులకు ఇంకా ఆ విన్యాసం జరగలేదు. అప్పటి నియమం 24 గంటల గడువు ఇచ్చేది. 2015 జనవరి 1 నుంచి ఆ గడువు తీసేశారు.

ప్రశ్న: చెన్నై నుంచి బయలుదేరే ఓడకైతే చిత్తూరు నుంచి ఆ ఉదయమే కారులో వెళ్లడం సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: దూరం దాదాపు 150 కిలోమీటర్లే కాని, శ్రీపెరంబుదూరు దాటాక నగరంలోకి పోయే రద్దీని, రేవు చుట్టూ తిరిగే కంటైనర్ లారీలను లెక్కలోకి తీసుకోవాలి. మధ్యాహ్నపు వేళ ఇచ్చినట్లయితే తెల్లవారగానే బయలుదేరి వెళ్లవచ్చు. అంతకంటే ముందు వేళ వస్తే రాత్రికే వెళ్లి చెన్నైలో పడుకోండి. రేవు గేటు దగ్గర టికెట్టు, గుర్తింపు కార్డు రెండూ అడుగుతారు. వాటిని డిక్కీలోని పెట్టెలో కాక చేతిలో ఉంచుకోండి.