కలంకారీ బట్టపై నల్ల గీత పాకకుండా ఉండాలంటే

పదవీ విరమణ తరువాత తిరుపతిలో ఇంటివద్దే శ్రీకాళహస్తి కలంకారీ మొదలుపెట్టానని, కసింకారంతో (నల్ల గీతలకు వాడే ఇనుప ద్రావణంతో) గీసిన గీత పక్కలకు పాకిపోతోందని, అది చేతి వణుకు వల్లనేమోనని మీరు అడిగారు. కారణం చేతి వణుకు కాకపోవచ్చు. బట్టకు పట్టించిన పాలలో వెన్న చాలకపోవడమే కావచ్చు.

1. కొత్త నూలుబట్టను బాగా ఉతికి గంజి పూర్తిగా వదిలించండి.

2. కరక్కాయ పొడిని చిక్కటి పచ్చి గేదెపాలలో కలిపి బట్టను ముంచండి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కరక్కాయను శ్రద్ధగా నూరుతారు గాని, పాల విషయంలో ఏవో ఒకటి చాలనుకుంటారు. కరక్కాయలోని టానిన్ కసింకారంలోని ఇనుముతో కలిసి నలుపునిస్తుంది. ఆ నలుపును గీతలోనే నిలిపేది పాలలోని కొవ్వు. టోన్డ్ పాలలో వెన్న 3 శాతమే ఉంటుంది కనుక, గేదెపాలు దొరకకపోతే 6 శాతం ఉండే ఫుల్ క్రీమ్ పాలు తీసుకొని, నీళ్లు ఎక్కువ కలపకుండా వాడండి.

3. సమంగా పిండి, వెంటనే మంచి ఎండలో ఆరవేయండి.

4. ముందు ఒక మూలన గీసి చూడండి. అప్పటికీ పాకితే, వెదురు కలానికి చుట్టిన ఉన్నిని మెల్లగా నొక్కి అదనపు కసింకారాన్ని తీసివేసి గీయండి.