17 వేలకే మస్టాంగ్ వస్తోంది, కొనచ్చా?

ప్రశ్న: అన్నా, నేను డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను. ఎమ్మెస్ అయిపోయి ఓపీటీ (చదువయ్యాక పనిచేయడానికిచ్చే అనుమతి) మీద ఈమధ్యే ఉద్యోగంలో చేరాను. 2018 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ స్పోర్ట్స్ కారు ఒకటి 17 వేల డాలర్లకు వస్తోంది. అదే మోడల్ మామూలు టైటిల్‌తో (కారు యాజమాన్య పత్రం) 27 వేల దాకా చెబుతున్నారు. దీనికి సాల్వేజ్ టైటిల్ ఉందట, అంటే ఒకసారి బాగా దెబ్బతిన్న కారని ముద్ర. ముందు బంపర్‌కి చిన్న దెబ్బ తగిలిందని, అంతా బాగు చేయించానని అమ్మే అతను అంటున్నాడు. చిన్నప్పటి నుంచీ ఆ కారంటే పిచ్చి. కొనమంటారా?

జవాబు: వద్దు తమ్ముడూ. వీసా సంగతి ఒక కొలిక్కి వచ్చేదాకా అసలే వద్దు.

నీ వయసులో నేనూ ఇలాంటి కారే కొన్నాను. డబ్బు పోయింది, మళ్ళీ కూడబెట్టుకున్నాను. ఇవాళ ఫ్రిస్కోలో సొంతిల్లు ఉంది, గరాజ్‌లో ఉన్న రెండు కార్ల మీదా అప్పు లేదు. దేశం కాని దేశంలో డబ్బు ఎలా నిలుస్తుందో, ఎలా జారిపోతుందో రెండూ చూసినవాణ్ణి కాబట్టే చెబుతున్నాను. మీ కుర్రాళ్ళు కారు చూడగానే 460 హార్స్‌పవర్, వీ8 చప్పుడు, నల్ల చక్రాలు చూస్తారు. ఈ కారు మళ్ళీ ఎవడు కొంటాడు, ఎంతకు కొంటాడు అన్న ఆలోచన మీకు రాదు. అప్పట్లో నాకూ రాలేదు.

ముందు టైటిల్ కాగితం ఫోటో తెప్పించుకో. దాని మీద సాల్వేజ్ అని ఉందా, రీబిల్ట్ అని ఉందా చూడు. సాల్వేజ్ అని ఉంటే ఆ కారు రోడ్డెక్కడానికే వీల్లేదు. ఏమేం భాగాలు మార్చారో రాసిచ్చి టైటిల్ మార్పించుకున్నాకే అది రీబిల్ట్ అవుతుంది. ఆ ఫారాలూ ఫీజులూ టెక్సస్ డీఎంవీ (వాహనాల శాఖ) సైట్‌లో ఉన్నాయి, చూసుకో. ఒక్క సంగతి మాత్రం నేను చెప్పాలి. టెక్సస్‌లో రిపేరు ఖర్చు కారు విలువను మించితేనే సాల్వేజ్ కింద లెక్క. పక్కనున్న ఓక్లహోమాలో విలువలో 60 శాతం, లూసియానాలో 75 శాతం చేరితే చాలు. కాబట్టి ఈ మస్టాంగ్‌కి ఆ ముద్ర ఏ రాష్ట్రంలో పడిందో అడుగు. టెక్సస్‌లోనే పడిందంటే బంపర్ మాట నమ్మకు. ఏ బంపర్ మార్చడానికీ కారు ధరంత ఖర్చు కాదు.

ఇక నా సంగతి. అప్పట్లో ఒక కన్సల్టెన్సీ తరఫున ప్రాజెక్టు చేస్తున్నాను. రూమ్మేట్లందరూ కరోలాలూ సివిక్‌లూ కొంటే నా మనసు నిస్సాన్ 350జెడ్ మీద పడింది. వెండి రంగు, రెండే సీట్లు. అమ్మినాయన మర్యాదస్తుడు, ఇంట్లోకి పిలిచి కాఫీ ఇచ్చాడు. ఫెండర్ (చక్రం పైనుండే రేకు) ఒక్కటే మార్చానన్నాడు. బ్యాంకుకు వెళ్తే ఆ టైటిల్ మీద అప్పు ఇవ్వమన్నారు. డబ్బుతో వ్యాపారం చేసేవాడే ఈ కారును నమ్మనంటున్నాడని నాకు అప్పుడు తట్టలేదు. పోనీలే, వడ్డీ మిగిలిందనుకున్నాను. దాచుకున్నదంతా తీసి క్యాషియర్స్ చెక్ రాయించి ఇచ్చాను. ఊళ్ళో ఇంటికి స్లాబ్ వేయించడానికి నాన్నకు పంపాల్సిన డబ్బు కూడా అందులోనే పోయింది.

కొన్న కొద్ది వారాలకే స్టీరింగ్ ఎడమకు లాగడం మొదలైంది. ఎడమ ముందు టైరు బయటి నుంచి చూస్తే కొత్తదిలాగే ఉండేది. చక్రం పూర్తిగా తిప్పి లోపలి అంచు చూస్తే రబ్బరు అరిగి ఇనప తీగలు బయటికొచ్చాయి. అలైన్‌మెంట్ షాపులో మెకానిక్ కారును మెషిన్ మీద పెట్టి స్క్రీన్ చూపించాడు. మిగతా మూడు చక్రాల అంకెలు పచ్చగా ఉన్నాయి, ఆ ఒక్క చక్రం దగ్గర ఎర్రగా ఉంది. సర్దుదామంటే సర్దడానికి చోటు లేదన్నాడు. సస్పెన్షన్ బిగించే చోట లోహమే వంగిపోయింది. ఫ్రేమ్ మెషిన్ మీద లాగించాలంటే కారు కొన్న ధరలో మంచి భాగం అవుతుందన్నాడు. అంత ఎక్కడ తేను? టైర్లు మార్చుకుంటూ నడిపాను. చవగ్గా వచ్చిందనుకున్నది కాస్తా తడిసి మోపెడైంది.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఒక సాయంత్రం సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనకనుంచి ఒకావిడ వచ్చి గుద్దింది. తప్పంతా ఆవిడదే, పోలీసు రిపోర్టులో కూడా అలాగే రాశారు. ఆవిడ ఇన్సూరెన్స్ నుంచి కారు ధర చేతికొస్తుంది, ఈ పీడ ఇంతటితో వదులుతుందనుకున్నాను. నష్టం లెక్కగట్టే వాళ్ళ అడ్జస్టర్ ముందు మామూలు టైటిల్ ఉన్న 350జెడ్ ధర తీసుకుని, ఇది బ్రాండెడ్ టైటిల్ (సాల్వేజ్ లాంటి ముద్ర పడినది) అని అందులోంచి పెద్ద కోత కోశాడు. నేను వేయించిన టైర్లు, చేయించిన రిపేర్లు లెక్కలోకే రాలేదు. రసీదులన్నీ స్కాన్ చేసి పంపితే ఏదో కొంచెం పెంచాడు. నా ఇన్సూరెన్స్ నుంచి తీసుకుందామంటే నాకున్నది లయబిలిటీ (ఎదుటివాళ్ళ నష్టానికి మాత్రమే ఇచ్చేది) ఒక్కటే, ఆ టైటిల్‌కి అంతకుమించి ఇవ్వమని మొదటే చెప్పారు. నేనిలా వాదిస్తుంటే టో యార్డులో రోజువారీ అద్దె పెరుగుతూ పోయింది. చివరికి చేతికొచ్చిన డబ్బుతో బాగా తిరిగిన కరోలా ఒకటి వచ్చింది, అంతే. దాన్నే ఏళ్ళ తరబడి నడిపాను. నెలనెలా కారు మీద మిగిలిన డబ్బే ఇంటి డౌన్‌పేమెంట్‌కి మొదలైంది. మీకది చప్పగా వినిపిస్తుందని తెలుసు.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. 10 వేలు మిగులుతున్నాయని సంబరపడుతున్నావు. అవి మిగిలినవి కావు. రేపు నువ్వు అమ్మేటప్పుడు నీ దగ్గర కొనేవాడు అదే తగ్గింపు అడుగుతాడు, వీలైతే ఇంకా ఎక్కువే అడుగుతాడు. డీలర్లు ఇలాంటివి ట్రేడ్-ఇన్‌కి (కొత్త కారు ధరలో తగ్గించి పాతది తీసుకోవడం) తీసుకోవడానికి జంకుతారు. అప్పు చేసి కొనేవాడికి చాలా బ్యాంకులు అప్పివ్వవు. ఇక మిగిలేది చేతిలో రొక్కం ఉండి, ఆ టైటిల్ అంటే భయం లేనివాడు. వాడు దొరకడానికి నెలలు పట్టచ్చు.

నీకు అన్ని నెలలు ఉన్నాయా? ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులే ఉండనిస్తారు, స్టెమ్ ఎక్స్‌టెన్షన్‌తో (సైన్సు, ఇంజనీరింగ్ చదివినవాళ్ళకిచ్చే పొడిగింపు) కలిపి 150. హెచ్1బీ వచ్చాక ఉద్యోగం పోతే 60 రోజులు. సర్దుకుని వెళ్ళాల్సి వస్తే టయోటా క్యామ్రీ వారాంతంలో అమ్ముడుపోతుంది. అపార్ట్‌మెంట్ లీజు, ఫర్నిచర్, విమానం టికెట్ల హడావిడిలో ఈ కారు నీ మెడకు చుట్టుకుంటుంది. 17 వేల కారును 9 వేలకు ఇచ్చేయాల్సి వస్తే, ఇక్కడ పోయిన 8 వేలు మనూళ్ళో రూపాయల్లో ఎంతవుతాయో ఒకసారి లెక్క వేసుకో. నీకు ఎడ్యుకేషన్ లోన్ ఉండే ఉంటుంది. మీ నాన్నగారు హామీ సంతకం పెట్టే ఉంటారు. ముందు అది తీర్చు.

పైన ఇంకా ఉంది. కొన్న ధర మీద 6.25 శాతం పన్ను, అంటే వెయ్యి డాలర్ల పైమాటే. అమెరికాలో డ్రైవింగ్ హిస్టరీ లేని కుర్రాడు వీ8 మస్టాంగ్‌కి ఇన్సూరెన్స్ అడిగితే వాళ్ళు చెప్పే అంకె విని గుండె ఆగినంత పనవుతుంది. కారు కొన్నాక అడగడం కాదు, ఇవాళే వీఐఎన్ (కారు గుర్తింపు నంబరు) చెప్పి, రీబిల్ట్ టైటిల్ అని దాచకుండా చెప్పి, కొలిజన్ (గుద్దుకుంటే నీ కారు నష్టానికి ఇచ్చేది) ఇస్తారా అని రాతపూర్వకంగా తెప్పించుకో. ఇచ్చే కంపెనీలు లేకపోలేదు. లయబిలిటీ ఒక్కటే అంటే మాత్రం నీ కారుకు ఏమైనా నీ జేబులోంచే.

ఇంత చెప్పినా నువ్వు వెళ్ళి చూడక మానవు, నాకు తెలుసు. వెళ్ళేముందు ఆ 17 అక్షరాల వీఐఎన్ గూగుల్‌లో కొట్టు. కోపార్ట్ లాంటి వేలాల్లో అమ్ముడైన కార్లకు బాగు చేయక ముందు తీసిన ఫోటోలు చాలాసార్లు బయటపడతాయి. ఎన్ఎంవీటీఐఎస్ (టైటిళ్ళ చరిత్ర ఉండే జాతీయ రికార్డు) రిపోర్టు కొద్ది డాలర్లకే వస్తుంది. ఎన్ఐసీబీ (ఇన్సూరెన్స్ మోసాలపై పనిచేసే సంస్థ) వాళ్ళ వీఐఎన్ చెక్ ఉచితం. బానెట్ ఎత్తి ఫెండర్ బిగించిన బోల్టుల తలలు చూడు. ఫ్యాక్టరీ రంగు చెక్కుచెదరకుండా ఉంటే ఎవరూ విప్పలేదన్నమాట. రంగు లేచి లోహం మెరుస్తుంటే రెంచ్ పడినట్టే. సీటు బెల్టు చివరిదాకా లాగు. బురద చార కనిపించిందా, వరద కారు. 2022లో ఇయన్, 2024లో హెలీన్ తుఫాన్లకు ఫ్లోరిడాలో మునిగిన కార్లు ఎక్కడెక్కడికో చేరాయి. స్టార్ట్ బటన్ నొక్కగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కొన్ని సెకన్లకు ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో దాని నోరు మూయించారని అర్థం. ప్రమాదంలో పడి లేచిన పాత కార్లలో నాసిరకం ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్లు (బ్యాగ్‌ను ఉబ్బించే భాగాలు) పెట్టి ప్రాణాలు తీస్తున్నారని ఎన్‌హెచ్‌టీఎస్ఏ (రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) 2024లోనే హెచ్చరించింది.

టెక్సస్ గవర్నమెంటు చూసి పాస్ చేసే ఉంటుందిలే అనుకోకు. 2025 జనవరి 1 నుంచి మామూలు కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. మన డాలస్, కాలిన్, డెంటన్, టారెంట్ కౌంటీల్లో మిగిలింది పొగ పరీక్ష. ఇంజన్ పొగ బాగుంటే చాలు, ఫ్రేమ్ వంగిందా లేదా ఎవరూ చూడరు. నువ్వే డబ్బు కట్టి, అమ్మేవాడికి సంబంధం లేని బాడీ షాపులో లిఫ్ట్ ఎక్కించి చూపించుకోవాలి. అందుకు అమ్మేవాడు ఒప్పుకోకపోతే అక్కణ్ణుంచే వచ్చేయి. టైటిల్ మీద అతని పేరు లేకపోయినా అంతే.

మస్టాంగే కావాలనుకుంటే ఇంకో దారి ఉంది. అదే 2018లో వచ్చిన మస్టాంగ్ ఇకోబూస్ట్ చూడు. 2.3 లీటర్ల టర్బో, 310 హార్స్‌పవర్. బయటి రూపం ఇంచుమించు అదే. కాస్త ఎక్కువ మైళ్ళు తిరిగింది వెతికితే క్లీన్ టైటిల్‌తో నీ 17 వేల చుట్టుపక్కలే దొరుకుతుంది. బ్యాంకు అప్పిస్తుంది, ఇన్సూరెన్స్ ఫుల్ కవరేజ్ ఇస్తుంది, అమ్మాలంటే కొనేవాళ్ళుంటారు. కుదిరాక టైటిల్ చేతులు మారే రోజు అమ్మేవాణ్ణి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకే రమ్మను. చెక్ అక్కడ కౌంటర్ ముందు ఇవ్వు, పార్కింగ్ లాట్‌లో ఇవ్వకు.