గాలికి ఒరిగిన చెట్లు

ప్రశ్న: ఎమిలీ బ్రాంటీ నవల ‘వుదరింగ్ హైట్స్’లో ఆ బీడు నేలలు, ఆ ఈదురుగాలి లేకపోయినా కథ నడిచేది కదా?

జవాబు: నడిచేది కాదనే నా నమ్మకం. 1847లో వెలువడిన ఈ నవలకు రంగస్థలం ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్ ఎత్తు నేలలు. పేరులోని ‘వుదరింగ్’ అన్న మాటే గాలివాన హోరును చెప్పే అక్కడి పలుకుబడి. మొదటి అధ్యాయంలోనే, వుదరింగ్ హైట్స్ అనే ఆ ఇంటి చివర గిడసబారి ఒక పక్కకు ఒరిగిపోయిన చెట్లూ, సూర్యుణ్ణి భిక్ష అడుగుతున్నట్టు కొమ్మలన్నీ ఒకే దిక్కుకు చాచిన ముళ్ళ పొదలూ కనిపిస్తాయి. వాటిని దయచేసి గుర్తుంచుకోండి. ఎందుకంటే, తనను చిన్ననాడు హింసించిన హిండ్లీ చనిపోయాక, అతని కొడుకు హేర్టన్‌ను చేరదీస్తూ, ఆ ఇంట్లోనే పెరిగిన అనాథ, కథానాయకుడు హీత్‌క్లిఫ్, అదే గాలి మెలితిప్పితే ఈ చెట్టు కూడా వంకరగా పెరుగుతుందో లేదో చూద్దామంటాడు. అక్కడ వర్ణన కథాసూత్రమైపోయింది. నాకు ఈ నవలలో అన్నిటికన్నా భయం కలిగించే మాట అదే.

లోయలోని త్రష్‌క్రాస్ గ్రేంజ్ అనే మరో ఇంటి తోటల నీడలో లింటన్ కుటుంబం సుకుమారంగా పెరగడం కూడా ఇలాంటిదే. చివరకు హేర్టన్, లింటన్ల ఇంటి అమ్మాయి చిన్న కేథరిన్ కలిసి, హైట్స్‌లో ముసలి నౌకరు జోసెఫ్ ప్రాణప్రదంగా పెంచుకున్న పండ్ల పొదలను పీకి, గ్రేంజ్ నుంచి తెచ్చే మొక్కలకు చోటు చేస్తారు.